ఆష్ కలప మీద ఓ మాట

ఇంటి సామాను అనగానే మనవాళ్లకి టేకే గుర్తొస్తుంది, మిషిగన్‌లో ఇల్లు కొనుక్కున్నాక కూడా. నాకు మాత్రం ఇక్కడి ఆష్ కలపంటే ప్రాణం. లేత రంగు, పొడుగ్గా సాగే చారలు. గట్టిదనంలో టేకు కంటే ఓ మెట్టు పైనే. ఆవిరి పట్టి వంచితే విరగదు; కుర్చీ వెనక ఆనుకునే ఒంపుకి ఇంతకన్నా ఏం కావాలి? దెబ్బకి ఓర్చుకుంటుంది కాబట్టే బేస్‌బాల్ బ్యాట్లు, పనిముట్ల పిడులు తరతరాలుగా దీంతో చేశారు. వానకి మాత్రం ఆగదు, ఇంట్లోనే వాడాలి.

బాధంతా చెట్ల గురించే. ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పచ్చటి పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది. దాని పిల్లలు బెరడు కింద తొలిచేసి చెట్టుకి నీళ్లు అందనివ్వవు. కోట్ల చెట్లు పోయాయి. అయినా లోపలి కలప చాలావరకు బాగానే ఉంటుంది, ఆలస్యం చేయకుండా కోస్తే. చచ్చి నిలబడిన చెట్టు త్వరగా పెళుసెక్కుతుంది.

మీ పెరట్లో ఆష్ చెట్టు కొట్టించాల్సి వస్తే పొట్టు చేయించేయకండి. దగ్గర్లోని కోత మిల్లులో అడిగి ఒక బల్లకి సరిపడా పలకలు కోయించుకోండి. కట్టెలుగా మాత్రం వేరే ఊరికి తీసుకెళ్లకండి, పురుగు అలాగే పాకింది.