రేవు నుంచి రేవుకి

భద్రాచలం వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లలో రాములవారి గోపురం ఉంటుంది, స్నానఘట్టం ఉంటుంది. వాళ్లను అక్కడికి చేర్చిన వంతెన మాత్రం ఉండదు. సారపాక వైపు నుంచి బస్సు దాని మీదికి ఎక్కగానే అందరూ కిటికీలోంచి గోదారమ్మకు దండం పెట్టుకుంటారు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించేదాకా ఆ దండం పడవలోంచి పెట్టుకోవాల్సిందే. హంగులేవీ లేని కాంక్రీటు వంతెన. వరసగా స్తంభాలు, పైన రోడ్డు, అటూ ఇటూ పిట్టగోడ, అంతే. పక్కన రెండోది వచ్చింది గనక పాతదానికి ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది.

ఇక్కడ కెమెరా తీస్తే నేను ముందు వెతికేది నీటిమట్టం అంకెల్ని. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడూ భద్రాచలంలో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. 1986 ఆగస్టులో నీళ్లు 75 అడుగులు దాటాయి. 2022 జులైలో 71 దాటాయి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఎండాకాలంలో ఇసుక మేటల మధ్య నిలబడ్డ స్తంభాల్ని చూస్తే ఇంత ఎత్తున ఎందుకు కట్టారా అనిపిస్తుంది. అదే చోట నిలబడి వరదలో తీసిన ఫొటోను దాని పక్కన పెడితే ఇంక ఎవరూ ఆ మాట అడగరు. వంతెనకు ఒక్క ఫొటో ఎప్పుడూ చాలదు.

కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ దిగువన, పాపికొండల్లో, రోడ్డు నదిని వదిలేస్తుంది. కొండల నడుమ ఊళ్లకు చాలాకాలం లాంచీయే బస్సు. పోలవరం కాఫర్ డ్యామ్ వెనక నీళ్లు నిలిచాక దేవీపట్నం మండలంలో బస్సొచ్చే ఊళ్లతో సహా ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఊరు లేచిపోయేటప్పుడు దేవుడి విగ్రహాన్ని తీసుకుపోతారు, గుమ్మాలూ తలుపులూ ఊడదీసుకుపోతారు. బస్ షెల్టర్‌ని ఎవరు మోసుకుపోతారు? నాలుగు స్తంభాలు, మీద శ్లాబు, లోపల కూర్చోడానికి సిమెంటు దిమ్మ. గోడ మీద కట్టించిన దాత పేరు, దాని కింద ఎరువుల ప్రకటన, ఇంకా కింద ఎవరో బొగ్గుతో రాసిన ప్రేమ లెక్క. హైస్కూలుకు పోయే పిల్లలు, పురిటికి పుట్టింటికొచ్చే కూతుళ్లు, ఆస్పత్రికి బయల్దేరిన ముసలివాళ్లు ఆ దిమ్మ మీదే ఎదురుచూశారు. ఊరు ఉన్నన్నాళ్లూ దాన్ని ఫొటో తీయాలని ఒక్కరికీ తోచదు. ముంపు ఊళ్ల జాబితాలు వేసేటప్పుడైనా వీటికి తలా ఒక ఫొటో తీసి దాచాలని గట్టిగా అడుగుతున్నాను.

రాజమండ్రిలో మాత్రం తొందరపడకూడదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రైలు రెండు గట్లకూ వచ్చేసింది గానీ నడుమ గోదావరి అడ్డం. రైలు దిగి, పడవ మీద దాటి, అవతలి గట్టున మళ్లీ రైలెక్కాలి. 1897లో మొదలుపెట్టి 1900 ఆగస్టుకల్లా హేవలాక్ వంతెన పూర్తి చేశారు. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు. ఇంజనీరు పేరు వాల్టన్. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరుది పెట్టారు. 1997 దాకా రైళ్లను మోసి ఆ వంతెన విశ్రాంతి తీసుకుంది. దాని పక్కనే అదే ఏడాది కాంక్రీటు కమానుల వంతెన తయారైంది.

ఇప్పుడు అందరూ తీసేది ఆ కమానుల్నే. సాయంత్రం ఘాట్ల మీద నిలబడితే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు, కమానులు నల్లగా, నీళ్లు బంగారంలా వస్తాయి. క్యాలెండర్ల మీద చూసేది అదే బొమ్మ. అందం కాదనను. కానీ ఆ వెలుతురు పనితనాన్ని మింగేస్తుంది. పొద్దున్నే రండి. సూర్యుడు మన వీపు వెనక, ఊరి మీదుగా లేస్తాడు, ఎండ నేరుగా వంతెన మీద పడుతుంది. అప్పుడు హేవలాక్ రాతి స్తంభాల మీద ఏ ఏటి వరద ఎంతవరకు వచ్చిందో చారలు కనిపిస్తాయి. గర్డర్లలో ఒక్కొక్క రివెట్టు గుండ్రంగా తేలుతుంది. ప్రతి రివెట్టూ ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి బిగించినదే. ఆ పని చేసిన కూలీల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. రివెట్లు స్పష్టంగా పడ్డ ఫొటో నా దృష్టిలో వాళ్లకు దక్కే సంతకం.

ఎగువన 1974 నాటి వంతెన ఉంది. కింద రైలు, పైన రోడ్డు. రాజమండ్రి వైపు ఊరికి దారివ్వాల్సి వచ్చి అది వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గర నిలబడితే పైన సైకిలు మీద పాలక్యాన్లు, కింద గూడ్సు బండి ఒకే ఫ్రేములో పడతాయి. ఇంజనీర్ల డ్రాయింగుల్లో ఉండేది ఇనుమే. పాలవాడు ఫొటోలోనే ఉంటాడు. అతను వచ్చేదాకా ఆగి తీయాలి. మనిషి లేకుండా శుభ్రంగా తీసిన వంతెన ఫొటో నాకు సగం ఫొటోలాగే ఉంటుంది.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట చోట 1982 నాటికి బ్యారేజీ వచ్చింది. మొత్తం 175 గేట్లు, పైన రోడ్డు. గేట్లను చూసి అందరూ ఫొటోలు తీసుకుంటారు. పక్కనున్న లాకుల దగ్గరికి పోయేవాళ్లు తక్కువ. లారీలు రాకముందు డెల్టా ధాన్యమంతా కాలువల్లో పడవల మీదే పోయేది. లాకులోకి పడవ రాగానే వెనక తలుపులు మూసి నీళ్లు నింపేవాళ్లు, పడవ పై మట్టానికి లేచాక ముందు తలుపులు తీసేవాళ్లు.

అక్కణ్ణుంచి వశిష్ఠ పాయ పట్టుకుని నరసాపురం వస్తే అవతల సఖినేటిపల్లి. ఇక్కడ వంతెన లేదు, పంటు ఉంది. చదునైన ఇనప పంటు మీద కార్లు, మోటారు సైకిళ్లు, కొబ్బరి గెలలు, అంతర్వేది తీర్థానికి పోయే జనం. కట్టడం అనదగ్గది గట్టు నుంచి నీళ్లలోకి దిగే ర్యాంపు, టికెట్ల గది, రేట్ల బోర్డు. వంతెన కావాలని జనం ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు, రావాలి కూడా. వరదల్లో పంటు ఆగితే నొప్పులు పడుతున్న మనిషిని చించినాడ మీదుగా చుట్టూ తిప్పి తీసుకుపోవాలి. అంత కష్టం ముందు నా ఫొటో ఎంత? వంతెన వచ్చిన రోజున వేలమంది ఫోన్లు పైకెత్తుతారు. ఆ ర్యాంపును ఈలోపే తీసిపెట్టుకోవాలి.

కొత్తగా తీయడమే కాదు, తీసినవి వెతకడం కూడా ఈ పనిలో భాగమే. కోనసీమలో పెళ్లి ఆల్బమ్‌లు తిరగేయండి. మగపెళ్లివారు రేవు దాటుతున్న ఫొటో ఒకటి ఉంటుంది. ముందు పెళ్లికొడుకు, పక్కన బ్యాండు మేళం, వెనక అనుకోకుండా పడ్డ పంటు, ర్యాంపు, టికెట్ల గది. పాలకొల్లు, అమలాపురం పాత స్టూడియోల అటకల మీద అలాంటి నెగెటివ్‌లు చెమ్మకు అతుక్కుపోతున్నాయి. పాత సామాను అమ్మేసేముందు వాటిని ఒక్కసారి వెలుతురుకు పెట్టి చూడమని స్టూడియోవాళ్లను అడుగుతున్నాను. పెళ్లికొడుకు వెనక ఏముందో కూడా చూడమని.