ఫిల్మ్‌నగర్ నుంచి అమ్మకు

కృష్ణానగర్, శుక్రవారం రాత్రి

అమ్మా,

మన చిన్నోడు బాగున్నాడు, కాస్త చిక్కాడు. కాస్ట్యూమ్స్ పని కదా, తెల్లారకముందే బట్టల పెట్టెలు వ్యానులోకి ఎక్కించాలి. సాయంత్రం నన్ను ఫిల్మ్‌నగర్ తీసుకెళ్ళాడు. రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్, దైవసన్నిధానం గుడి చూశాను. పెద్ద పెద్ద బంగళాలు, వాటి వెనకే రేకుల ఇళ్ళ బస్తీ.

అవన్నీ చూస్తుంటే మన పేటలో తెర కట్టి వేసిన ‘కరుణామయుడు’ గుర్తొచ్చింది. 1978 నాటి సినిమా. అప్పటికి సినిమావాళ్ళ మకాం ఎక్కువగా మద్రాసులోనే. సిలువ మోసే చోట నువ్వు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చావు. ఆ రోజు నుంచి ప్రార్థనలో కళ్ళు మూస్తే నాకు విజయచందర్ గారి ముఖమే. 1986లో ఆయనే షిర్డీ సాయిబాబాగా కనబడేసరికి హడలిపోయాను. “మరి నేను ఇన్నాళ్ళూ ఎవరికి ప్రార్థన చేశానమ్మా?” అంటే, నువ్వు బియ్యం ఏరుతూ, “ముఖం ఆయనది, విన్నవాడు ప్రభువు” అన్నావు. అప్పట్లో ఆ మాట నాకు చాల్లేదు.

ఫిల్మ్‌నగర్ బస్తీ, ఆదివారం

ఇక్కడ ఆరాధన చీకటితోనే మొదలవుతుంది. ఆ తర్వాత షూటింగులకు పోవాలి. ఒక లైట్‌మన్, ఇద్దరు డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, వాళ్ళ పిల్లలు, అందరం ఒక్క గదిలోనే.

వీళ్ళ నోట రాజా గారి మాట వస్తుంటుంది. 2004లో ‘ఆనంద్’ హీరో, తర్వాత పాస్టరయ్యారు. అలాంటి సాక్ష్యం నలుగురూ వింటారు. నాకు మాత్రం చిన్నోడిది ఇంకా కష్టమనిపిస్తుంది. నిన్న ఒక దేవుడి వేషానికి పట్టుపంచె కుచ్చిళ్ళు చెదరకుండా ఇస్త్రీ చేసి, పిన్నులు పెట్టి, కిరీటం తుడిచిచ్చాడు. ఇవాళ అవే చేతులెత్తి ప్రార్థించాడు. వేషం ఎలా తయారవుతుందో రోజూ చూసేవాడికి నా చిన్ననాటి భయం లేనే లేదు.

ఒక పిల్ల, పదిహేడేళ్ళుంటాయి, బాప్తిస్మం కావాలంది. ఎందుకమ్మా అని అయ్యగారు అడిగితే, “అమ్మ తీసుకుంది కదండీ” అంది. ఆయన కొన్నాళ్ళు ఆగమన్నారు. పిల్ల ముఖం చిన్నబోయింది గానీ, ఆయన చేసింది సరైనదే. మన ఒంగోలులో మిషనరీ క్లౌ దొర కూడా అలాగే ఆపారు కదా. 1876-78 కరువులో గింజల కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు నిలిపేశారు. కాలవ పని చూపించి కూడు పెట్టారు గానీ, నీళ్ళలోకి దిగనివ్వలేదు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో దిగారు. అన్నాళ్ళు ఆగి కూడా వచ్చారంటే వాళ్ళ నమ్మకం వాళ్ళదే, ఎవరో ఇప్పించింది కాదు.

ఆరాధనయ్యాక ఆ పిల్ల, “మీకెప్పుడు తెలిసిందాంటీ?” అని నన్నడిగింది. నాన్న పోయిన రాత్రి సంగతి చెప్పాను. ఆసుపత్రి వరండాలో కళ్ళు మూసుకుంటే ఏ ముఖమూ రాలేదు. అయినా మాట్లాడుతూనే ఉన్నాను. వింటున్నాడని తెలిసింది. బియ్యం దగ్గర నువ్వన్న మాట నాకు ఆ రాత్రే ఎక్కింది.

ఆ పిల్ల నీతో మాట్లాడాలంటోంది. నీ నెంబరిచ్చాను. ఫోన్ చేస్తే తొందరపెట్టకు, ఏమడిగినా చెప్పు. మంగళవారం బండికి బయల్దేరతాను.