సైకిల్ ఎవరి కోసం? ఎవరితో?

పిల్లలూ,

ఈ పాఠంలో రెండు చిన్న మాటలు నేర్చుకున్నాం: "కోసం", "తో". "అమ్మ కోసం పూలు తెచ్చాను." "అమ్మతో బజారుకి వెళ్ళాను." ఇవి మీకు వచ్చేశాయి, నాకు తెలుసు. కానీ ఈ రెంటి మధ్య తేడా ఎంత పెద్దదో చెప్పాలంటే మీకు కొన్ని సైకిళ్ళ సంగతులు చెప్పాలి.

మేం అమెరికా వచ్చి రెండేళ్ళు కావస్తోంది. మా పక్కింటివాళ్ళ అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. పోయిన ఏడాది ఒకరోజు మా తలుపు తట్టాడు. వేసవి సెలవుల్లో ఈ దేశం ఆ చివర నుంచి ఈ చివరికి సైకిల్ తొక్కుతాడట, దానికి చందా కావాలట. నాకు వింతగా అనిపించింది. మా ఊళ్ళో చందా అంటే వినాయక చవితి పందిరికి అడుగుతారు. సైకిల్ అంటారా, అది పాలబ్బాయిది, పోస్ట్‌మ్యాన్‌ది, హైస్కూలుకి వెళ్ళే ఆడపిల్లలది. తొక్కినందుకు ఎవరూ డబ్బులివ్వరు! లోపలికి పిలిచి, ఉప్మా పెట్టి, అన్నీ అడిగాను. టీచర్‌ని కదా, ప్రశ్నలు ఆగవు.

ఆ యాత్ర పేరు "జర్నీ ఆఫ్ హోప్". పై కాపా ఫై అనే విద్యార్థి సంఘం వాళ్ళది. 1987లో ఆ సంఘంలోని బ్రూస్ రోజర్స్ అనే ఆయన ఒక్కడే దేశమంతా అడ్డంగా సైకిల్ తొక్కాడు. మరుసటి ఏడాది, 1988లో, అది జట్టు యాత్ర అయింది. పడమటి తీరంలో బయలుదేరి, రోజుకి సగటున 75 మైళ్ళు తొక్కుతూ, రెండు నెలలు దాటాక వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం ముందు ఆగుతారు. రాత్రుళ్ళు ఏ బడిలోనో చర్చిలోనో నేలమీద పడక. వెనకాల వ్యాన్లలో నీళ్ళు, తిండి, సామాన్లు. వచ్చిన చందా వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఖర్చు పెడతారు.

చూశారా, "కోసం" వచ్చేసింది.

ఆగస్టులో ఆ అబ్బాయి తిరిగి వచ్చాడు, ఎండకి ముక్కు మాడిపోయి. కొండల గురించి చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. దారిలో చాలా ఊళ్ళలో వీళ్ళు ఆగి, వైకల్యం ఉన్నవాళ్ళతో కలిసి భోజనం చేస్తారు, ఆడతారు, డాన్స్ చేస్తారు. ఒక చిన్న ఊళ్ళో, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒకాయన ఈ అబ్బాయి సైకిల్‌ని చుట్టూ తిరిగి చూసి, "నాకూ సైకిల్ వచ్చు" అన్నాడట. అని ఊరుకోలేదు. ఇంటికెళ్ళి తన మూడు చక్రాల సైకిల్ తెచ్చుకున్నాడు. ఇద్దరూ పార్కింగ్ స్థలంలో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నారట, వండిన భోజనం చల్లారిపోయేదాకా. మా పక్కింటబ్బాయి రెండు నెలల ప్రయాణంలో నాకు చెప్పింది ఎక్కువగా ఆ ఒక్క సాయంత్రం గురించే.

అది వింటుంటే నాకు మా చిన్న మావయ్య కళ్ళముందు కనిపించాడు.

మావయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. పోలియో అంటే మీకు తెలియకపోవచ్చు. తెలియకపోవడమే మంచిది. చుక్కల మందు వేసి వేసి దాన్ని మన దేశం నుంచి తరిమేశారు. 2011 జనవరి తర్వాత ఇండియాలో సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో వైరస్‌తో ఎవరికీ ఆ జబ్బు రాలేదు, 2014లో పోలియో లేని ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. కానీ మా చిన్నప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఒక మావయ్యో, ఒక అక్కో ఉండేవాళ్ళు.

మావయ్యకి చేతులతో తిప్పే మూడు చక్రాల బండి ఉండేది. పెడల్స్ కాళ్ళ దగ్గర కాదు, ఛాతీకి ఎదురుగా ఉంటాయి. వాటిని తిప్పితే గొలుసు తిరుగుతుంది, చక్రం కదులుతుంది. అది ఒక సభలో ఇచ్చారు. దండలు, మైకు, ఫొటోలు. ఆ ఫొటో మా అమ్మమ్మ ఇంట్లో చాలా కాలం ఉంది. "బండి మంచిదేరా, కానీ ఫొటోలో నా మొహం కంటే ఇచ్చినాయన చెయ్యే పెద్దగా పడింది" అనేవాడు మావయ్య. అని పకపకా నవ్వేవాడు.

ఆయన రేడియోలు, మిక్సీలు బాగుచేసేవాడు. సామాన్ల కోసం ఆ బండి మీదే తెనాలి వెళ్ళొచ్చేవాడు. వేసవి సెలవుల్లో నన్నూ మా తమ్ముణ్ణీ వెనక ఎక్కించుకునేవాడు. అంటే నడవగలిగే మమ్మల్ని, నడవలేని మావయ్య మోసేవాడు! దారిలో వంతెన ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు "అయ్యో పాపం" అంటూ వెనక నుంచి తోసేవాళ్ళు. మావయ్యకి ఒళ్ళు మండేది. "అడిగి తొయ్యండి బాబూ" అనేవాడు. తోయొద్దని కాదు, అడగమని.

మాటల సంగతి కూడా చెప్పాలి. మీ తాతయ్యో అమ్మమ్మో "కుంటి", "గుడ్డి", "చెవిటి" అనడం మీరు వినే ఉంటారు. పాత అలవాటు. మీరు నేర్చుకోకండి. "వికలాంగులు" అని చాలాకాలంగా అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ శాఖ పేరు "విభిన్న ప్రతిభావంతులు" అని ఉంటుంది. ఈమధ్య "దివ్యాంగులు" అంటున్నారు. మాలో దివ్యమైనది ఏముంది, ర్యాంపు కట్టండి చాలు అనేవాళ్ళు కూడా ఉన్నారు, నాకు వాళ్ళ మాటే నచ్చుతుంది. మావయ్యని అడిగితే "నా పేరుతో పిలవండి" అనేవాడు.

ఇప్పుడు హైదరాబాద్ వెళ్దాం. ఆదిత్య మెహతా అనే ఆయనకి రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయింది. తర్వాత ఆయన సైకిల్ పట్టాడు. 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు గెలిచాడు. ఆయన పేరుతో హైదరాబాద్‌లో ఉన్న ఫౌండేషన్ వైకల్యం ఉన్నవాళ్ళకి, గాయపడి కాళ్ళో చేతులో కోల్పోయిన జవాన్లకి క్రీడల్లో శిక్షణ ఇస్తుంది. వాళ్ళు కూడా జట్టుగా దూర యాత్రలు చేస్తారు, చందాలు పోగుచేస్తారు. కానీ ఇక్కడ జట్టులో వైకల్యం ఉన్నవాళ్ళే పెడల్ తొక్కుతారు. 2020 నవంబరులో శ్రీనగర్‌లో బయలుదేరి డిసెంబరు ఆఖరుకి కన్యాకుమారి చేరారు. సుమారు 3,800 కిలోమీటర్లు! మ్యాప్‌లో 44వ జాతీయ రహదారిని వెతకండి. ఆ రెండు ఊళ్ళనీ కలిపే రోడ్డు అదే. మన ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం దాని మీద కనిపిస్తాయి.

ఒక్క కాలితో సైకిల్ ఎలా తొక్కుతారని అడుగుతారు మీరు. బూటు అడుగున ఒక చిన్న పట్టు ఉంటుంది, అది పెడల్‌లో టక్కున ఇరుక్కుంటుంది. అందుకని కాలితో కిందికి తొక్కడమే కాదు, పైకి లాగవచ్చు కూడా. రెండు కాళ్ళ పని ఒక కాలు చేస్తుంది. మరి సిగ్నల్ దగ్గర ఆగాలంటే? కృత్రిమ కాలు లేకుండా తొక్కేవాళ్ళు ఆ ఒక్క కాలినే పెడల్ నుంచి విడిపించి నేలమీద ఆనించాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పడిపోతారు. ఎత్తు మీద మళ్ళీ బయలుదేరడం ఇంకా కష్టం.

ఆ యాత్రలో మధ్యప్రదేశ్ అమ్మాయి తాన్యా డాగా ఉంది. ఆమెకి ఒక కాలు లేదు. యాత్ర మధ్యలో వాళ్ళ నాన్నగారు చనిపోయారు. ఇంటికి వెళ్ళింది. కొద్దిరోజులకే తిరిగి వచ్చి, జట్టుతో కలిసి కన్యాకుమారి దాకా తొక్కింది. ఆ మాట చదివిన రోజు నేను కాసేపు వేరే పని చెయ్యలేకపోయాను.

కళ్ళు కనిపించనివాళ్ళు కూడా వెళ్తారు. పూణేకి చెందిన దివ్యాంశు గణాత్రా చూపు లేకుండానే 2016లో మనాలి నుంచి ఖార్దుంగ్ లా దాకా తొక్కాడు. అది 5,300 మీటర్లకి పైన ఉన్న కనుమ. అందుకు టాండెమ్ సైకిల్ వాడతారు. ఒకటే సైకిల్, రెండు సీట్లు, రెండు జతల పెడల్స్. ముందున్న మనిషికి చూపు ఉంటుంది. ఇద్దరి పెడల్స్‌నీ గొలుసు కలుపుతుంది కాబట్టి ఒకరు ఆపితే రెండోవాళ్ళ కాళ్ళూ ఆగిపోతాయి. ముందున్నవాళ్ళు ఊరికే తొక్కితే సరిపోదు, మాట్లాడుతూనే ఉండాలి. "గుంత వస్తోంది." "ఎడమకి తిరుగుతున్నాం." "బ్రేక్ వేస్తున్నా." వెనకున్న మనిషి ఆ మాటల్ని బట్టి ఒళ్ళు వంచుతారు, బలం పెడతారు.

మీరు ఇంట్లో ఒక ఆట ఆడండి. ఒకరు కళ్ళు మూసుకోవాలి. రెండోవాళ్ళు ముట్టుకోకుండా, తెలుగులోనే చెప్తూ, వంటింటి నుంచి హాల్లోకి తీసుకురావాలి. "ఇటు", "అటు" అంటే కుదరదు, కళ్ళు మూసుకున్నవాళ్ళకి ఏటో తెలియదు. "నాలుగు అడుగులు ముందుకి. ఆగు. కుడికి తిరుగు. కుర్చీ ఉంది." అలా చెప్పాలి. తర్వాత ఇద్దరూ స్థానాలు మార్చుకోండి. మీరు వాడిన మాటలన్నీ కింద గడుల్లో రాయండి.