లేపాక్షిలో పదిహేను మిల్లీమీటర్లు

లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో ఎవరిని చూసినా మెడ వెనక్కి వాల్చి నడుస్తుంటారు. స్తంభాల మీది శిల్పాల కోసం వచ్చినవాళ్లు కూడా కాసేపటికి రంభనూ తుంబురుణ్ణీ వదిలేసి పైకప్పు వైపు చూపు తిప్పుతారు. మెడ లాగేసరికి కిందికి దించుకుని, రెండడుగులు వేసి మళ్లీ ఎత్తుతారు. ఆ పైకప్పు నిండా బొమ్మలు: పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, మర్రాకు మీది బాలకృష్ణుడు. సున్నపు పూత మీద ఎర్రమట్టి రంగు నేల, దాని మీద నల్లటి గీతలో కట్టిన మనుషులు. కొన్నిచోట్ల పెచ్చులూడి తెల్లబడింది. మిగిలినంతమేరా ఆ గీత ఇప్పటికీ పదునుగా ఉంది.

ఈ పైకప్పు కోసమే నేను వాయిట్‌లాండర్ 15 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటే పట్టుకుని బయల్దేరాను. బెంగళూరు, పెనుకొండ కోట, హిందూపురంలో రాత్రి బస, అన్నీ దారిలో గడిచిపోయాయి. హిందూపురంలో చెప్పుకోవాల్సింది ఉదయం తిన్న ఉగ్గాని. నానబెట్టి పిండిన బొరుగులకు పచ్చిమిర్చి, పసుపు, ఉల్లిపాయ తాలింపు పెట్టి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టారు. కోస్తావాళ్లం ఇడ్లీ దగ్గరే ఆగిపోయి ఎంత పోగొట్టుకున్నామో అప్పుడు అర్థమైంది. బజ్జీని ఉగ్గానిలో నలుపుకుని తినాలని పక్క బల్ల మీది పెద్దాయన చూపించాడు. ఆయన చెప్పినట్టే తిన్నాను. అంతకన్నా మంచి పద్ధతి లేదు.

లెన్స్ గురించి కొంచెం చెప్పాలి. వాయిట్‌లాండర్ 1756లో వియన్నాలో మొదలైన పేరు. ఇప్పుడు ఆ పేరుతో లెన్సులు చేస్తున్నది జపాన్‌లోని కొసీనా కంపెనీ. 1999లో వాళ్లు ఈ 15 మిల్లీమీటర్ల సూపర్ వైడ్ హీలియార్ తెచ్చారు. ఎపర్చర్ 4.5 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఆ మొదటి రకానికి రేంజ్‌ఫైండర్ కెమెరాతో ఫోకస్ కలిపే ఏర్పాటే లేదు. ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో కంటితో అంచనా కట్టి, లెన్స్ ఒంటి మీది అంకె దగ్గరికి రింగు తిప్పి నొక్కాలి. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ, ఇంత వెడల్పు లెన్సుకు ఆ పద్ధతే సరైనది. ఎపర్చర్ 8 దగ్గర పెట్టి రింగును ఒక మీటరు మీద వదిలేస్తే అర మీటరు నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ మాట తలచుకోనక్కర్లేదు. ఆటోఫోకస్ కెమెరా ప్రతిసారీ ఏదో ఒకదాన్ని ఎంచుకుని దాని కోసం తడుముకుంటుంది. చీకటి మండపంలో ఆ తడుములాట మరీ ఎక్కువ. నా దగ్గరున్నది ఈ లెన్స్ మూడో రకం. డిజిటల్ కెమెరాలో మూలలు ఊదారంగుకు తిరిగే పాత జబ్బును ఇందులో నయం చేశారు.

మండపంలో మొదట నిలబడే తీశాను. ఇక్కడ లెక్క తేలిక. ఈ లెన్సుకు, పైకప్పుకు మధ్య ఎంత దూరముంటే దానికి 2.4 రెట్ల పొడవు, 1.6 రెట్ల వెడల్పు ఫ్రేములో పడతాయి. పది అడుగుల దూరముంటే 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. కెమెరాను కంటి దగ్గర పెట్టుకోగానే ఆ దూరంలో ఐదడుగులు పోయినట్టే, చిత్రం పొడవులో సగం, వెడల్పులో సగం పోయినట్టే. అందుకని తువ్వాలు పరుచుకుని నేల మీద పడుకున్నాను.

పడుకోగానే పైన ఒక ముఖం వంగింది.

"ఏమి నాయనా, పడినావా? నీళ్లు తెమ్మంటావా?"

డెబ్బై దాటిన అవ్వ. ముక్కుకు రెండు వైపులా పుడకలు, ముదురాకుపచ్చ పట్టుచీర, చేతిలో కొబ్బరి చిప్పలున్న సంచి. పడలేదవ్వా, బొమ్మలు తీస్తున్నానన్నాను. ఆమె పైకి చూసింది, నన్ను చూసింది, సంచి పక్కన పెట్టి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "పండుకొని చూస్తే మెడ నొయ్యదు కదా. మాకు ఇన్నేండ్లూ తోచలేదు."

ధర్మవరం నుంచి వచ్చారట. ఇంట్లో మూడు మగ్గాలున్నాయి. ఆమె అత్త నేసేది, ఆమె నేసింది, ఇప్పుడు కొడుకూ కోడలూ నేస్తున్నారు. వీరభద్రుడు ఇంటి దేవుడు, ఏడాదికోసారి వస్తారు. దర్శనం అయిపోయాక మిగతావాళ్లు వేలాడే స్తంభం దగ్గరికి వెళ్తే తను మాత్రం ఈ మండపంలో కూర్చుంటుంది. ఎందుకని అడిగాను. "కోకలు చూసేదానికి" అంది.

అప్పటిదాకా నేను పైన దేవుళ్లను చూస్తున్నాను, కథలను వెతుకుతున్నాను. ఆ తరువాత నాకు చీరలు తప్ప మరొకటి కనపడలేదు. పెళ్లికి వచ్చిన ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. పక్కకు తిప్పిన ముఖాలు, పెద్ద కళ్లు, మొనదేలిన ముక్కులు, ఓ పక్కకు ముడిచిన కొప్పులు. ఒకామె చీర మీద ఉన్నది ఇంకొకామె చీర మీద లేదు. ఒకదానికి అడ్డచారలు, ఒకదానికి గళ్లు, ఒకదానికి పూల బుటాలు. అంచులు వేరు, కొంగులు వేరు. చిత్రకారుడు దేవతల నగలకు ఎంత ఓపిక పట్టాడో పేరు లేని ఆడవాళ్ల పైట కొంగులకూ అంతే ఓపిక పట్టాడు. అవ్వ వేలు చూపిస్తూ చెబుతుంటే వింటున్నాను: ఇది పేకలో రంగు మార్చి నేసేది, అది అచ్చు వేసినట్టుంది, ఆ అంచు మాత్రం మగ్గానికి ఎక్కించాలంటే చాలా అట్టలు కొట్టాలి. ఐదు వందల ఏళ్ల కిందటి బట్టను ఇంత సూటిగా చదివిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. కళాచరిత్ర పుస్తకాల్లో లేపాక్షి మీద చదివినదాని కన్నా ఆ గంటలో విన్నదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

అచ్యుతదేవరాయల కాలం నాటి గుడి ఇది. ఆయన 1529 నుంచి 1542 దాకా ఏలాడు. పెనుకొండలో ఆయన కొలువులో పనిచేసిన విరూపన్న, తమ్ముడు వీరన్న కలిసి కూర్మశైలం మీద దీన్ని కట్టించారు. అన్నదమ్ములిద్దరినీ లోపలి పైకప్పు మీద, పొడుగాటి కుళ్లాయిలతో, పరివారంతో సహా చిత్రించారు. ఖజానా సొమ్ము రాజుకు చెప్పకుండా గుడికి ఖర్చు చేశాడని నింద పడితే, శిక్ష పడేలోపే విరూపన్న తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని కథ. కల్యాణమండపం దగ్గరి గోడ మీద రెండు ఎర్ర మరకలు చూపిస్తారు. కథ నిజమో కాదో గానీ, ఆ మండపం పూర్తి కాలేదన్నది కంటికి కనపడుతోంది. పైకప్పు లేదు, చెక్కిన స్తంభాలు ఆకాశం కింద నిలబడి ఉన్నాయి. ధర్మప్రభువు మనునీతి చోళుడి కథను కూడా గీయించిన మనిషి మీద ఇలాంటి కథ నిలిచిపోవడం నాకు బాధగా అనిపించింది. తన కొడుకు రథం కింద దూడ చచ్చిపోతే, ఆవుకు న్యాయం చెయ్యడానికి కొడుకునే అదే రథం కింద తొక్కించిన రాజు అతను. ఆ ఆవు గంట కొట్టే చోటు పైకప్పు మీద చాలాసేపు చూశాను.

మళ్లీ పనిలోకి. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండుకు ముందుగా అనుమతి కావాలి, ఫ్లాష్ వాడకూడదు. వాడకూడదనడం న్యాయమే. కాబట్టి నేలే స్టాండు. కెమెరాను వెల్లకిలా రాతి మీద పెట్టి, దాని తెర మీది బొమ్మ నా ఫోన్లో కనపడేట్టు కలుపుకున్నాను. రాతిపలకలు సమంగా లేవు. పైకప్పు దూలాలు ఫ్రేము అంచులతో కలిసిపోయేదాకా కెమెరా మూల కింద రూపాయి బిళ్లలు దోపుతూ, తీస్తూ సర్దాను. ఈ సర్దుబాటులోనే ఉంది విషయమంతా.

వెడల్పు లెన్స్ మూలల్లో మనుషుల్ని సాగదీస్తుందని అందరూ అంటారు. మూల దగ్గర నిలబడ్డ మనిషి తల గుమ్మడికాయలా సాగి వస్తుంది. ఆ మాట గుండ్రటి వస్తువుల విషయంలో నిజం. చదునైన గోడో పైకప్పో అయి, కెమెరా దానికి సరిగ్గా సమాంతరంగా ఉంటే, ఈ లెన్స్ దేన్నీ సాగదీయదు. మధ్యలో ఉన్న పార్వతి ఎంత కొలతలో ఉందో, చివర మూలన నిలబడ్డ చెలికత్తె అంతే కొలతలో వస్తుంది. కెమెరా ఒక వేలెడు వాలిందంటే మాత్రం ఒక పక్క ఉబ్బుతుంది, ఇంకో పక్క కుంచించుకుపోతుంది. చుట్టూ ఉన్న స్తంభాలు మాత్రం ఎంత సమంగా పెట్టినా మధ్యలోకి వాలి ఒకదాని మీదికి ఒకటి వంగుతాయి. అంటే ఒకే ఫొటోలో చిత్రం ఉన్నదున్నట్టు వస్తుంది, స్తంభం మాత్రం తన ఆకారం తప్పుతుంది. శిల్పం కోసం ఈ లెన్స్ వాడేవాళ్లతో నేను ఏకీభవించను. ఈ మండపంలో దీని పని పైకప్పే.

చీకట్లో షటర్ నెమ్మదిగా పడుతోంది. స్కూలు పిల్లల గుంపొకటి వచ్చింది. అవ్వ లేచి నిలబడి, చేయి అడ్డం పెట్టి, "ఆ నల్లడబ్బాను తొక్కొద్దండప్పా, పటం తీస్తాండాది" అని వాళ్లను రెండు పాయలుగా చీల్చి పంపింది. పిల్లలు అటూ ఇటూ నడుస్తూ పైకి చూశారు. ఒక ఫ్రేములో అంచు పొడవునా వాళ్ల ముఖాలు, వాళ్ల పైన పెళ్లివారు. ఆ ముఖాలు సాగి ఉన్నాయి, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నేను తీసినవాటిలో నాకు ఇష్టమైనది అదే. పైకప్పును చూసే మనుషుల్నీ, వాళ్లు చూస్తున్న పైకప్పునూ కింద నుంచి ఒకేసారి పట్టాలంటే ఇంతకన్నా ఇరుకు లెన్సుతో కుదరదు.

ఏడు పడగల నాగలింగం దగ్గర ఎండ నిలువుగా ఉంది, రాయి తెల్లగా వెలిసిపోయింది, తీయలేదు. నంది దగ్గరికి అవ్వ కుటుంబంతోనే నడిచాను. ఒకే రాతిలో చెక్కిన ఆ నందిని ఈ లెన్సుతో తీసేవాళ్లు దాదాపు దాని మూతి కిందికి దూరతారు. అప్పుడు మూతి కొండంతై, వీపు కుక్కపిల్లంతై, మెడలోని గంటలూ గొలుసులూ కనపడకుండా పోతాయి. అది నందికి చేసే అన్యాయం. వెనక్కి, చాలా వెనక్కి వెళ్లి, చుట్టూ ఉన్న పచ్చికతో, ఆకాశంతో కలిపి చిన్నదిగా తీశాను. అంత చిన్నగా ఉన్నా కూర్చున్న తీరులోని దర్జా తగ్గలేదు. చెట్టు నీడలో అవ్వవాళ్లు మూట విప్పి నాకూ పెట్టారు: సంగటి ముద్ద, ఊరుబిండి, చివర్లో ఓళిగ. ఊరుబిండిలో వేరుశనగల కమ్మదనం వెనకనుంచి ఎండుమిరప అందుకునే తీరు మీద నాకు చాలా చెప్పాలని ఉంది గానీ, అవ్వ అప్పుడే ఫోన్ అడిగింది.

పైకప్పు ఫొటో చూపించాను. మొత్తం ఒక్కచోట చూడటం ఆమెకు అదే మొదలు. వేలితో అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూసింది. తరువాత ఒకామె కొంగు దగ్గర ఆగి పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. గళ్లు కరిగి ఎర్రటి మరకైపోయాయి.

"అంతా వచ్చింది నాయనా. కొంగు రాలేదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నా కెమెరా పొడవునా 6000 చుక్కలు పెడుతుంది. 24 అడుగులకు పంచితే అడుగుకు 250, అంగుళానికి ఇరవై. ఆ చిత్రకారుడి సన్న గీత అందులో పట్టదు. అదే నేల మీద నుంచి 85 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే ఫ్రేములోకి నాలుగు అడుగుల పైచిలుకే వస్తుంది, కానీ అంగుళానికి వంద చుక్కలు దాటతాయి. గళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఇదంతా అవ్వకు చెప్పాను. ఆమె కొడుకు శ్రద్ధగా విన్నాడు. నేత డిజైను గ్రాఫు కాగితం మీద గళ్లలో గీసేవాడికి చుక్కల లెక్క కొత్తేమీ కాదు.

కార్తీకం వెళ్లాక మళ్లీ వెళ్తున్నాను. స్టాండు అనుమతికి దరఖాస్తు పెట్టాను. పదిహేను మిల్లీమీటర్ల ఫొటో పెద్ద కాగితం మీద వేయించి ధర్మవరం పంపితే, కావలసిన చీరల చుట్టూ అవ్వ పెన్సిలుతో సున్నాలు చుట్టి తిప్పి పంపింది. పెళ్లివారిలో ముగ్గురు, స్వయంవరంలో ఇద్దరు, మూలన సగం పెచ్చూడిన ఒకామె. ఆ ఆఖరామె పక్కన కొడుకు చేత రాయించింది: అంచు మాత్రం చాలు.