పేరు వ్రాసిన చెయ్యి

మొన్న సాయంకాలము నాయుడుపేటలో మా యింటి అరుగుమీద కూర్చుండియుండగా నా మనుమడు, "తాతా, ఉప్పల్ స్టేడియంలో అజారుద్దీన్ పేరు ఉంచాలా, తీసేయాలా?" అని అడిగెను.

నా మనస్సు 1985 జనవరికి పోయెను. అతడు మదరాసులో ఇంగ్లాండుపై 105 పరుగులు చేయుచుండగా నేను రేడియో విడిచి అన్నమునకైనను లేవలేదు. కలకత్తాలో 110, మదరాసులో 105, కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టులలో మూడు శతకములు! మొత్తము 99 టెస్టులు, 22 శతకములు, 6,215 పరుగులు.

అయితే 2000లో మ్యాచ్ ఫిక్సింగు ఆరోపణపై క్రికెట్ బోర్డు అతనిని జీవితకాలము నిషేధించెను. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చెల్లదనెను. 2019లో హైదరాబాదు క్రికెట్ సంఘము ఉత్తరపు స్టాండునకు అతని పేరు పెట్టెను. అప్పుడు సంఘాధ్యక్షుడు అతడే. 2025 ఏప్రిలులో సంఘపు అంబుడ్స్‌మన్ ఆ పేరు తీసివేయుమనగా, హైకోర్టు ఆ ఉత్తరువును తాత్కాలికముగా నిలిపెను.

అమెరికాలో పీట్ రోజ్ అను బేస్‌బాల్ ఆటగాని కథయు ఇట్టిదే. 4,256 హిట్లు కొట్టి అందరిని మించెను. పందెములు కాసెనని 1989లో వెలివేసిరి. ఏండ్ల తరబడి కాదని, 2004లో ఒప్పుకొనెను. 2024లో చనిపోయెను, మరుసటి యేడు ఆ వెలి తొలగించిరి.

నేను మనుమనితో ఇట్లంటిని: "నాయనా, చేసిన పరుగులు ఎవరును చెరపరాదు. కోర్టు కొట్టివేసిన శిక్షను మనము మరల వేయరాదు. గాని గౌరవము మాత్రము ఇతరుల చేతినుండి రావలెను. తాను పెద్దయైయున్న సభ తన పేరు పెట్టుట నాకు నచ్చలేదు."

వాడు ఊరకుండక, అల్మారలోని కప్పు చూపి, "మరి అది ఎవరిచ్చారు తాతా?" అనెను.

నా నోట మాట రాలేదు. ఏలయనగా బడి పందెములలో స్కోరు వ్రాసినవాడను నేనే. నా తమ్ముడు 46 పరుగులకే అవుటయ్యెను. నేను ఒక ఫోరు కలిపి 50 చేసితిని. 48 చేసిన పిల్లవాడు వట్టిచేతులతో ఇంటికి పోయెను. తమ్ముడు ఈ సంగతి ఎరుగకయే కన్నుమూసెను.

ఆ పిల్లవాడు ఇప్పుడు ముసలివాడై మా పొరుగు వీధిలోనే యున్నాడు. మరునాడు ఆ కప్పు సంచిలో వేసికొని, మనుమని వెంటబెట్టుకొని, వారి తలుపు తట్టితిని. ఇతరుల పేరును తూచుటకు ముందు, మన చెయ్యి వ్రాసిన లెక్కను దిద్దుకొందము.