నిలువు కుంపటి

న్యూ ఆర్లియన్సు నగరమున, ఫ్రెంచి క్వార్టరను పాత పేటలో, సెయింట్ లూయీ వీథియందు హెర్మన్–గ్రీమా గృహమను ఇటుకల మేడ యొకటి కలదు. 1831లో కట్టినది, 1971లో ప్రదర్శనశాల యయ్యెను. వేసవి సెలవులలో హ్యూస్టనులోనున్న మా తమ్మునింటికి బోయినపుడు దానిని చూచితిని.

ఆ యూర 'క్రియోల్' అను మాట అడుగడుగునను వినబడును. పెంచుట యను నర్థముగల స్పానిషు క్రియనుండి పుట్టినదందురు. వలస దేశముననే పుట్టి పెరిగిన ఫ్రెంచి, స్పానిషు సంతతివారికది పేరు. ఆఫ్రికా సంతతివారిలోను పలువురు దానిని తమ పేరుగా జెప్పుకొందురు. ఇల్లు కట్టించిన శామ్యూల్ హెర్మన్ మాత్రము జర్మనీనుండి వచ్చిన యూదు వర్తకుడు. ఆతడు క్రియోల్ వితంతువును పెండ్లాడెను. (ఇంతమాత్రము మన పత్రిక చదువరులకు రుచించును.) 1837 నాటి ఆర్థిక విపత్తున చితికి, 1844లో మేడను ఫెలిక్స్ గ్రీమా యను క్రియోల్ న్యాయవేత్తకు విక్రయించెను. గ్రీమాలు 1921 వరకు అందుండిరి.

ముందరి గదులను గూర్చి విస్తరింపను. అద్దములు, దీపగుచ్ఛములు, భోజనపు బల్ల, అన్నియు శ్రద్ధతో ఉద్ధరించిరి. నా మనస్సు పెరటి వంటశాలయందే నిలిచిపోయినది.

అగ్నిభయముచేతను, వేడిమిచేతను వంటిల్లు వేరుగా కట్టుట అచ్చటి వాడుక. ఒక గోడకు పెద్ద పొయ్యి, కుండలు వ్రేలాడదీయు ఇనుప కొంకి. ప్రక్కను రొట్టెలు కాల్చు ఇటుకల గూడు. మరియొక వైపున నడుమెత్తు తిన్నె. దానిలో గుంటలు, గుంటలపై ఇనుప కమ్ములు. అందు నిప్పులు పోసి సన్నని సెగను పులుసులు కాచెడివారు. మా మరదలు చూచి నవ్వి, "బావగారూ, ఇది మన కుంపటియే కదా! నిలుచుండి వండుకొను కుంపటి" అనెను. పొయ్యి యారియున్నను పది నిమిషములకే నాకు చెమట పట్టినది.

ఆ తిన్నెముందర నిలుచుండి వండినవారు బానిసలు. వారి నివాసము ఆ కట్టడపు పై యంతస్తులలోనే. అప్పటి లూయిసియానా ధర్మశాస్త్రము బానిసను స్థిరాస్తిగా నెంచినది, ఇంటివలె, పొలమువలె. అన్నము వండి, నీరు మోసి, బిడ్డల నెత్తుకొని దినమంతయు తిరుగు మనిషి స్థిరాస్తి యట! వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువాడను. ఆ పదము నోట రాలేదు నాకు. 1865లో దేశమంతటను బానిసత్వము రద్దయ్యెను.

1924లో ఈ మేడను కొన్నది క్రైస్తవ స్త్రీల సంఘ మొకటి. కలవారింట బుట్టి లేమి పాలయిన స్త్రీలు కుట్టుపనులు, పిండివంటలు చేసి పంపగా, వాని నమ్మి సొమ్ము వారి కిచ్చుటకై 1881లో వెలసినది. ఆ యేడే డిసెంబరున రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. వండిన చేతికి వెల గట్టించుట సామాన్యమైన పనికాదు. అయితే ఆ పుణ్యము మొదట ముందరి గదులలో బెరిగిన స్త్రీలకే దక్కినది. వెనుకటి వంటశాలలోనివారి లెక్క తీరలేదు.

ఇప్పుడా లెక్కను దాచక చెప్పుచున్నారు; అది నాకు నచ్చినది. మాకు మేడ చూపిన యువతి ఆ కథను మెత్తబరచలేదు. గుంపులో నొక పెద్దమనిషి దీపగుచ్ఛముల వెల యెంతయని మాటిమాటికి అడుగుచుండెను. ఆమె ఓర్పుతో బదులు చెప్పి, మమ్మందరను బానిసల గదుల వైపునకు మరలించెను.