వైద్యుడును పరిశోధకుడును

గత సంక్రాంతి సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు తండ్రిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. అతడు వైద్యపట్టము పొంది యప్పటికి సంవత్సరమైనది. ఇక నాలుగైదేండ్లు పరిశోధనశాలలో పనిచేసి, డాక్టరేటు గడించి, పిమ్మట మరల రోగుల కడకు రావలెనని యతని సంకల్పము. తండ్రికి కొంత కోపము, కొంత దుఃఖము. "మాస్టారూ, మీ మాటైతే వింటాడు. డాక్టరైన తరువాత మళ్లీ విద్యార్థి కావడమేమిటి? సంబంధాలు వస్తున్నాయి. డాక్టరంటే ఒక లెక్క, చదువుకుంటున్నాడంటే ఒక లెక్క" అని యాయన వాపోయెను. ఆ లెక్క యేదియో చదువరులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

కుర్రవాడు నవ్వి మాకొక సంగతి జ్ఞాపకము చేసెను. తొమ్మిదవ తరగతిలో నుండగా, ఒకే మందు ఒకనికి గుణమిచ్చి మరియొకని కేల యియ్యదని యతడు మమ్మడిగెనట. అది పరీక్షలో రాదు, కూర్చుండుమని మేమంటిమట. మాకది జ్ఞప్తి లేదు గాని, అనియుందుమనుటకు సందేహమును లేదు.

వైద్యుడు రోగిని చూచును. శాస్త్రజ్ఞుడు రోగకారణమును వెదకును. ఈ రెండు పనులును వేరు వేరు చేతులలో నున్నపుడు, మంచము కడ పుట్టిన ప్రశ్న పరిశోధనశాలకు చేరకయే పోవుట కలదు. ఈ లోపమును తీర్చుటకే అమెరికాలో రెండు చదువులను జోడించిరి. క్లీవ్‌లాండు నగరమందలి వెస్టరన్ రిజర్వు విశ్వవిద్యాలయము 1956లో నిట్టి విద్యాక్రమమును నెలకొల్పెను. అచ్చటి జాతీయ ఆరోగ్యసంస్థలు 1964లో మూడు వైద్యకళాశాలలకు దీనికై ధనసహాయ మారంభించినవి. విద్యార్థి సాధారణముగా రెండేండ్లు వైద్యము చదివి, కొన్నియేండ్లు పరిశోధనము చేసి, తుదకు మరల ఆసుపత్రిలో శిక్షణము ముగించును. మొత్తమునకు ఎనిమిదేండ్లు పట్టును. ఆ సహాయము పొందినవారికి కళాశాల జీతము కట్టు బాధ లేదు. భుక్తికి వేతనము నిత్తురు.

మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి కిట్టి యేర్పాటేదియు లేదు. 1895లో భీమవరమున పుట్టిన యాయన, స్ప్రూ యను జాడ్యముచే సోదరుని పోగొట్టుకొనిరి. మదరాసులో వైద్యము చదివి, బాస్టను చేరి, ఆసుపత్రిలో చిన్నపనులు చేసి పొట్ట పోసికొనుచు, 1930లో హార్వర్డున జీవరసాయనశాస్త్రమందు డాక్టరేటు పొందిరి. ఆయన నడపిన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా నిర్మించెను. అది స్ప్రూ రోగులకే గుణమిచ్చినది! ఆ యామ్లము పని నడ్డగించు అమినోప్టెరిను నాయన బృందమే చేసియిచ్చెను. దానిని సిడ్నీ ఫార్బరుగారు రక్తపు క్యాన్సరుతో నున్న పిల్లల కీయగా, కొందరికి తాత్కాలికముగా నైనను రోగము వెనుకకు తగ్గెను. 1948లో ఆ ఫలితము వెలువడెను. ఆ యేడే సుబ్బారావుగారు గతించిరి.

అంతటి కష్టము నోర్చి నిలువగలవారు కోటికొకరు. అట్టివారికై యెదురుచూచి కూర్చుండుట కంటె, సామాన్యుడైన తెలివిగలవాడును నడువదగిన బాట వేయుట మేలుగదా! ఆ బాటకు ప్రభుత్వపు ధనము వలయును. ఇంటివారి యోర్పును వలయును. ఈ తండ్రి కొడుకు చదువునకై చేసిన యప్పు మేమెరుగుదుము. ఆయన యాతురతను ధనాశయని నిందించుట న్యాయము కాదు. కాని కొడుకునకు వెలకట్టు వాడుకను మాత్రము మేము సమర్థింపజాలము.

"అయ్యా, నాడు మేము కూర్చుండబెట్టిన ప్రశ్న నేడు మీ యింట లేచి నిలిచినది. దానిని రెండవమారు కూర్చుండబెట్టు పాపము మాకు వలదు. వేతనము దొరకు చోటు చూచి పంపుడు, అప్పు వాడే తీర్చును, కొంత యాలస్యముగా" అని మేమంటిమి.

ఆయన చాలసేపు మాటాడలేదు. వెళ్లునపుడు గుమ్మము కడ నిలిచి, "ఐదేళ్లంటారా?" అని యడిగి, కొడుకు భుజముపై చేయి వేసి వీథిలోనికి నడచెను. ఆ మరునాడు బడిలో నొక పిల్లవాడు పాఠములో లేని ప్రశ్న యడిగెను. మాకు సమాధానము తెలియదు. అయినను వానిని కూర్చుండుమని యనలేదు.